కోఠిలో మూతపడ్డ టిఫిన్ హోటల్‌ని సామానుతో సహా తీసుకోవచ్చా?

అడిగినవారు: నెయ్యికారంఇడ్లీ

కోఠి ఆంధ్రా బ్యాంకు దగ్గర, మెయిన్ రోడ్డు మీంచి గల్లీలోకి తిరగగానే రెండో మలిగీ. పాత టిఫిన్ హోటలు, మూడు నెలలుగా షట్టర్ దించి ఉంది. కింద 450 అడుగులు, పైన చిన్న మెజనైన్ (అటక లాంటి అర అంతస్తు), వంటిల్లు సెల్లార్‌లో. నడిపినాయన సామాను, పేరు, గుడ్‌విల్ అన్నీ కలిపి 18 లక్షలు చెబుతున్నారు. అద్దె 90 వేలు, బిల్డింగ్ ఓనరుకు పది నెలల అడ్వాన్సు వేరే. "లైసెన్సులన్నీ ఉన్నాయి, రేపే పెనం వెలిగించుకోవచ్చు" అంటున్నారు. మధ్యవర్తేమో ఈ వారంలోనే టోకెన్ కావాలంటున్నాడు.

లైసెన్సులు నా పేరుకు మారతాయా? సామానుకు ధర ఎలా కట్టాలి? మెట్రో వచ్చాక కోఠిలో టిఫిన్ గిరాకీ ఎలా ఉంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

లీజుడీడు:

టోకెన్ ఆపండి. మీరు ముందు కూర్చోవాల్సింది అమ్మే ఆయనతో కాదు, బిల్డింగ్ ఓనరుతో. అమ్మే ఆయన కిరాయిదారు మాత్రమే. ఇలాంటివాళ్ళ చేతిలో మామూలుగా ఉండే 11 నెలల అగ్రిమెంటు మీకు అక్కరకు రాదు. అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే పాత కిరాయిల్లో అయితే, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అప్పగించడమే ఖాళీ చేయించడానికి చాలిన కారణం. అది దేవాదాయ ఆస్తో వక్ఫ్ ఆస్తో కాదు కదా అన్నది కూడా చూసుకోండి. ఆ చుట్టుపక్కల అలాంటి మలిగీలు ఉన్నాయి, వాటిలో నోటిమాట మీద పేరు మార్పులు నిలవవు.

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి. కాకపోతే కాగితం మీద ఐదేళ్ళని రాసుకున్నా చట్టం దృష్టిలో అది నెలవారీ కిరాయే. 15 రోజుల నోటీసుతో లేపేయవచ్చు. 18 లక్షలు పోసినవాళ్ళకు ఆ భరోసా చాలదు. స్టాంపు డ్యూటీకి వెనకాడకుండా కనీసం ఐదేళ్ళది రిజిస్టర్ చేయించండి. లాకిన్ (గడువులోపు లీజు రద్దు చేయకూడదన్న షరతు) ఓనరుకే ఉండాలి, మీకు మూడు నెలల నోటీసుతో వెళ్ళిపోయే వీలుండాలి. అద్దె ఏటా ఎంత శాతం పెరుగుతుందో, అడ్వాన్సు ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులోనే రాయించండి.

లైసెన్సుల సంగతి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు అమ్ముకునే వస్తువు కాదు. లైసెన్సుదారు చనిపోతే వారసుల పేరుకు మారుతుంది, అంతే. మీరు కొత్తది తీసుకోవాలి, బిల్లు మీద వేసే 14 అంకెల నంబరు కూడా మీదే ఉండాలి. పాత నంబరుతో అమ్మితే లైసెన్సు లేకుండా అమ్మినట్టే. జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సూ మీ పేరునే. ఫీజు చదరపు అడుగులను, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. ఆ మలిగీ మీద పాత బకాయిలున్నాయేమో ముందే సర్కిల్ ఆఫీసులో కనుక్కోండి. లేబర్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ కూడా కొత్తవే. ఇవన్నీ తీసేశాక "లైసెన్సులతో సహా" అన్న మాటకు మిగిలే విలువ సున్నా.

జీఎస్టీలో ఇంకో మెలిక ఉంది. వ్యాపారం మొత్తాన్ని బదిలీ చేసుకున్నట్టు రాసుకుంటే, చట్టంలో 85వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ వరకు ఆయన ఎగ్గొట్టిన పన్నుకు మీరూ బాధ్యులే. సామాను కొన్నట్టు మాత్రమే రాసుకోండి, జాబితా జత చేయండి. అదే చిరునామా మీద ఆయన రిజిస్ట్రేషన్ రద్దయ్యాకే మీది పెట్టండి, లేదంటే ప్రశ్నలొస్తాయి.

అద్దె మీద 18 శాతం పన్నునూ లెక్కలో వేయండి. ఓనరు జీఎస్టీలో ఉంటే ఆయనే బిల్లులో వేస్తాడు. లేకపోతే, మీరు మామూలు పద్ధతిలో రిజిస్టరై ఉన్నట్టయితే, 2024 అక్టోబరు నుంచి మీరే కట్టాలి. 5 శాతం పన్ను వేసే హోటలుకు దాన్ని వెనక్కి రాబట్టుకునే దారి లేదు. అంటే మీ అద్దె 90,000 కాదు, 1,06,200.

---

పెనంమాస్టర్:

భయ్యా, సెల్లార్‌ల కిచెన్ అన్నకాడనే ఆగాలె. సెల్లార్ పార్కింగ్ కోసం, అక్కడ వంట చేస్తుంటే జీహెచ్ఎంసోళ్ళు ఎప్పుడైనా వచ్చి మూయిస్తరు. అంతకన్నా పెద్ద మాట గ్యాసు. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, కిందనే పేరుకుని కూసుంటది. సెల్లార్‌ల కిటికీ ఉండదు, ఫ్రిజ్ కంప్రెసర్ ఒక్కసారి టిక్కుమంటే సాలు. సిలిండర్లు నేల మట్టానికి పైన, గాలి ఆడే చోట ఉండాలె. 100 కిలోలు దాటితే నిల్వకు లైసెన్సు కావాలె, అంటే 19 కిలోలవి ఐదు వరకే. ఖాళీలని, నిండువని మూలకు పది పేర్చి ఉంటే ఆ సెటప్ మీద పైసా పెట్టకు.

సామాను లెక్క ఇట్ల కట్టు. స్టీలు గిన్నెలు, టేబుళ్ళు, సింకులు కాంటా మీద పెట్టి కిలో లెక్కన చూడు. బేగంబజార్ పక్కనే ఉంది, పోయి కొత్తదాని ధర అడుగు, ఆయన చెప్పేది దానికి దగ్గరగా ఉంటే కొత్తదే కొను. మిషిన్లు మాత్రం లోడ్ మీద చూడాలె, ఉత్తగ స్విచ్ వేసి తిరుగుతుందంటే నమ్మకు. గ్రైండర్‌ల ఐదు కిలోల నానబెట్టిన బియ్యం వెయ్యి. ఇరవై నిమిషాలకు పిండి చేతికి వేడిగ తగిలిందంటే రాయి అరిగింది. ఆ పిండి పొద్దుగాల పులిసిపోయి పల్చబడ్తది, ఇడ్లీ అణుగుతది. డీప్ ఫ్రిజ్ రాత్రంతా నడిపి, పొద్దున లోపల నీళ్ళ సీసా గడ్డకట్టిందా చూడు.

పెనం మీద స్టీలు స్కేలు నిలువుగ ఆనించు. నడుమ సందు కనిపిస్తే అది వంగింది. నూనె, పిండి గుంతలకు జారతయి, దోశ నడుమ మెత్తగ, అంచు మాడిపోయి వస్తది. సాపు చేయిద్దామంటే మిషనింగ్ ఖర్చు దండగ, 20 ఎంఎం ప్లేటు కొత్తది కొట్టించుకోవడం మేలు.

మూడు నెలలు మూసిన కొట్టుకు వేరే రోగాలుంటయి. బర్నర్ జెట్లు తుప్పు పడతయి, మంట పసుపు రంగులొస్తది. రబ్బరు పైపులు ఎలుకలు కొరుకుతయి, వాటిని చూడకుండ మార్చేయి. ఫాల్స్ సీలింగ్ పైన వైర్లు కూడా కొరుకుతయి. మోరీ చాంబర్ మూత లేపి చూడు. తెల్లగ కొవ్వు గట్టిపడి ఉంటే గ్రీజ్ ట్రాప్ (కొవ్వును ఆపే తొట్టి) లేనట్టే, తెరిచిన వారానికే నీళ్ళు ఎదురు తంతయి. పొగ గొట్టం ఎక్కడికి పోతుందో టెర్రస్ దాకా ఎక్కి చూడు. పక్క గోడలకు తిప్పి వదిలేసి ఉంటే పైనున్న లాడ్జో క్లినిక్కో ఫిర్యాదు పెట్టక మానదు. శానా హోటళ్ళు మూతపడేది రుచి బాలేక కాదు, గీ పొగ పంచాయితీ తోనే.

---

నెయ్యికారంఇడ్లీ:

ఇద్దరికీ థాంక్స్ అండీ. ఓనరు సెల్లార్‌ని "గోడౌన్" అని లీజులో రాస్తానంటున్నాడు. సరిపోతుందా? మెజనైన్ మీద వంట పెట్టుకోవచ్చా?

---

లీజుడీడు:

సరిపోదు. అనుమతి ప్లానులో పార్కింగ్ అని ఉంటే లీజులో ఏం రాసినా పార్కింగే. పైగా రేపు కూల్చివేత నోటీసు వస్తే "గోడౌన్‌కిస్తే వంట పెట్టాడు" అని తప్పు మీ మీదికి నెడతాడు. అనుమతి ప్లాను కాపీ అడగండి. ఇవ్వనంటే అదే మీకు సమాధానం.

---

పెనంమాస్టర్:

మెజనైన్ మీద స్టవ్వు వద్దు. వేడి, పొగ అన్నీ అక్కడికే ఎక్కుతయి, మాస్టర్ నిలవడు. పెనం, ఇడ్లీ బాక్సు కిందనే రోడ్డు ముఖం మీద పెట్టు, గిరాకీకి కూడా కనిపిస్తది. పైన పిండి, స్టోరు పెట్టుకో. సీట్లు తగ్గుతయి, తగ్గనీ. కోఠిల నిలబడి తినేటోళ్ళే ఎక్కువ.

---

బ్యాంక్‌స్ట్రీట్:

గిరాకీ సంగతి నేను చెబుతాను. కోఠికి మెట్రో రెండు వైపుల నుంచి వచ్చింది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ 2018 సెప్టెంబరులో, సుల్తాన్ బజార్ స్టేషన్ 2020 ఫిబ్రవరిలో. జనం తగ్గలేదు, నడిచే దారి మారింది. టిఫిన్ బేరంలో పెద్ద వాటా బస్సు కోసం నిలబడ్డవాళ్ళది. మెట్రో దిగినవాడు మెట్లు దిగి నేరుగా గల్లీలోకి పోతాడు. కాబట్టి మీ మలిగీ స్టేషన్ మెట్లకూ గుజరాతీ గల్లీకో మహిళా విశ్వవిద్యాలయానికో మధ్యనున్న దారిలో ఉందా, బస్టాపు మీదే ఆధారపడిందా అన్నది చూడండి. గల్లీలోకి రెండడుగులు తిరిగినా గిరాకీ సగమవుతుంది ఇక్కడ.

రాబోయే మార్పు ఇంకొకటుంది. ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. హైకోర్టు రాజేంద్రనగర్ వైపు పోతోంది. అఫ్జల్‌గంజ్, మదీనా వైపు రోగుల బంధువుల మీద, వకీళ్ళ మీద బతికే హోటళ్ళకు ఇది దెబ్బ. మొజంజాహి మార్కెట్ వైపు ఉన్నవాళ్ళకు లాభం. 2020లో బాగుచేసి తెరిచాక సాయంత్రాలు అక్కడ ఐస్‌క్రీముల దగ్గర జనం ఎలాగూ ఉంటున్నారు. మీ చోటుకు ఇందులో ఒరిగేదీ పోయేదీ పెద్దగా లేదు. మీకు ముఖ్యం ఆ మహిళా విశ్వవిద్యాలయం. ఎండాకాలం సెలవుల్లో పొద్దుటి బేరం పడిపోతుంది, మే నెల అద్దె ఎక్కణ్ణుంచి కట్టాలో ఇప్పుడే లెక్క పెట్టుకోండి.

ఆయన చెప్పే అమ్మకం నమ్మక్కర్లేదు, కాగితాలే చెబుతాయి. పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి. యూనిట్లు ఏ నెల నుంచి తగ్గాయో అప్పుడే బేరం పడిపోయింది. నెలకు ఎన్ని కమర్షియల్ సిలిండర్లు, పాలవాడికి రోజుకు ఎన్ని లీటర్ల ఖాతా, ఈ రెండూ కలిపితే ప్లేట్ల లెక్క దాదాపు తేలిపోతుంది. పాలవాడు దాచడు, ఆయనకు బాకీ ఉంటే అసలే దాచడు.

టిఫిన్ హోటల్లో అద్దె అమ్మకంలో 15 శాతం దాటకూడదని ఈ వ్యాపారంలో ఒక లెక్క. పైన చెప్పిన 1,06,200కి నెలకు 7,08,000, రోజుకు 23,600 అమ్మాలి. బిల్లు సగటున 60 రూపాయలనుకుంటే రోజుకు 393 బిల్లులు. అందులో సగం పొద్దున ఏడు నుంచి పదిన్నర లోపే అయిపోవాలి, అంటే గంటకు 56. ఆరు దోశలు పట్టే పెనం మీద వాయి నాలుగు నిమిషాలైతే గంటకు 90 దోశలు, కాబట్టి పెనం ఆపదు. ఆపేది గల్లీ. ఒక మంగళవారం, ఒక ఆదివారం ఆ మూడున్నర గంటలూ ఎదురుగా నిలబడి, పక్క బండి దగ్గర గంటకు ఎన్ని ప్లేట్లు లేస్తున్నాయో లెక్కపెట్టుకోండి.

పేరుకు డబ్బులివ్వకండి. మూడు నెలలు మూసేసరికి అలవాటు పడ్డవాళ్ళు ఇంకో చోటుకు మళ్ళి ఉంటారు. గూగుల్ మ్యాపులో "శాశ్వతంగా మూసివేయబడింది" అని పడిందేమో చూడండి. అదే పేరు పెట్టుకుంటే దాన్ని తిప్పించుకోవడం మీ నెత్తిన పడుతుంది.

---

లీజుడీడు:

బ్యాంక్‌స్ట్రీట్ గారు కరెంటు బిల్లుల మాట ఎత్తారు కాబట్టి ఒకటి చేరుస్తాను. పాత కిరాయిదారు బకాయి ఆయనతో పోదు. కరెంటు సంస్థ నిబంధనల్లో ఉంటే ఆ స్థలానికి కనెక్షన్ అడిగేవాడి దగ్గరే వసూలు చేయవచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. సర్వీసు నంబరుతో బకాయి చూసుకోండి, జలమండలి బిల్లు కూడా. బిల్లు మీద మంజూరైన లోడు ఎంతుందో చదవండి. గ్రైండరు, డీప్ ఫ్రిజ్, ఎగ్జాస్ట్ కలిపితే అది దాటుతుంటే అదనపు లోడుకు మీరే కట్టాలి, ఆ మొత్తం ఆయన ధరలోంచి తగ్గించండి.

ఇంకా తీసుకోవాలనే ఉంటే డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి. లీజు రిజిస్టరైన రోజు కొంత, జాబితా ప్రకారం సామాను అప్పగించిన రోజు కొంత, మీ పేరున ట్రేడ్ లైసెన్సు, ఎఫ్ఎస్ఎస్ఏఐ చేతికొచ్చాక మిగతాది. దీనికి ఒప్పుకోకపోతే వదిలేయండి. సెల్లార్ వంటిల్లున్న మలిగీకి మూడు నెలలుగా ఎవరూ రాలేదంటే బేరమాడే బలం మీ వైపే ఉంది.