"గావాల": మా నాన్న కథల్లోని మాట

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు, "శ్రీకాకుళం వాళ్లు మాటమాటకీ గావాల అంటారు, ఏం కావాలి వాళ్లకి?" అని. అప్పుడే జవాబు రాయబోయాను. రాస్తుంటే ఆ మాట మా నాన్న గొంతులో వినపడింది, ఆపేశాను. ఆయన పోయి మూడు నెలలే అయింది. ఇవాళ రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా ఉద్దానంలో వాక్యం చివర వచ్చే "గావాల"కి "కాబోలు" అని అర్థం. "ఆడు రాడు గావాల" అంటే వాడు రాడేమో అని. మూలం "కావలెను" అన్న పాత మాటే. "ఈపాటికి వచ్చేసి ఉండాలి" అని అందరూ ఊహ చెబుతారు కదా, ఆ "ఉండాలి" చేసే పనే ఇదీ చేస్తుంది. క్రియ వెనకాల అతుక్కుని పలకడంలో క కాస్తా గ అయింది, "వచ్చాడు కదా" "వచ్చాడు గదా" అయినట్టు.

మా ఆవిడది గుంటూరు వైపు. పెళ్లయిన కొత్తలో మా నాన్న ఖాళీ గ్లాసులోకి చూసి "కాఫీ అయిపోనాది గావాల" అన్నారు. ఆమె మళ్లీ కాఫీ కలిపి తెచ్చింది. ఆయన ఏమీ మాట్లాడకుండా తాగేశారు. మర్నాడు అదే టైముకి, అదే మాట. నెల రోజుల తర్వాత మా అమ్మ చెబితే గానీ ఆమెకి సంగతి తెలియలేదు.

కథల్లో అయితే ఈ మాట లేకుండా ఆయనకి అడుగు పడేది కాదు. మా జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, పనసపండు వాసనకి ఇళ్ల దాకా వస్తాయి. అంతవరకు నిజం. అక్కణ్నించి నాన్న అందుకునేవారు. "పండు మజ్జినెట్టుకుని ఇద్దరం కూకున్నాం. తొనలు అది తినీసి పిక్కలు నాకొగ్గేసినాది. నాకూ పిల్లలున్నారని ఎవులో సెప్పినారు గావాల." పండు పంచుకున్న సంగతి ఢంకా బజాయించి చెప్పేవారు, ఎలుగు మనసులో ఏముందన్న చోట మాత్రం గావాల! దాని మనసు తనకెలా తెలుస్తుంది, ఊహించాలి గానీ. ఆ ఒక్క మాట నిజాయితీకి పిల్లలం పండు సంగతి కూడా నమ్మేసేవాళ్లం. ఊరికే "కాబోలు" అంటే ఈ పని జరగదని నా నమ్మకం. "కాబోలు" తనలో తాను అనుకునే మాట. "గావాల" అన్నప్పుడు మన మొహంలోకి చూస్తారు, మనం తలాడించే దాకా ఆగుతారు.

2018 అక్టోబరు 11న తెల్లారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి కూడా నాన్న, "కొబ్బరిసెట్లు జడిసిపోయి లోపలికొస్తామని తలుపు కొడతన్నాయి గావాల" అని పిల్లల్ని నవ్వించారు. తెల్లారి చూస్తే తోటలో ఒక్క చెట్టు నిలబడి లేదు. మళ్లీ మొక్కలు తెచ్చి నాటుతూ, "ఈ సెట్ల బొండాం నాను తాగను" అన్నారు. అంతే. వెనకాల గావాల లేదు. నాకు గుర్తున్నంతలో జరగబోయేదాని గురించి ఆయన ఆ మాట లేకుండా ముగించిన వాక్యం అదొక్కటే. నాకు భయం వేసింది.

కిందటేడు ఆ చెట్లు కాపుకొచ్చాయి. మొదటి గెలలోంచి బొండాం కొట్టి చేతికిచ్చాను. మొత్తం తాగి, మూతి తుడుచుకుని, నా మొహంలోకి చూసి అన్నారు: "నాను అబద్దమాడినాను గావాల."

ఇక్కడే నాకో ప్రశ్న ఉంది. ఎదుటివాళ్ల గురించి ఊహించేటప్పుడు గావాల అనడం మా ఊళ్లో అందరూ చేసేదే. తాను చేసిన పనికి, తనకి బాగా తెలిసిన పనికి, గావాల తగిలించడం మాత్రం నేను నాన్న నోటే విన్నాను. మీ ఇళ్లలో పెద్దలెవరైనా అలా అనేవారా? విజయనగరం, బొబ్బిలి వైపు వాళ్లు ముఖ్యంగా చెప్పండి. వాక్యం మొత్తం రాయండి, ఎవరన్నారో కూడా.