సింపుల్‌గా ఉండటం స్టైలా, జీతం బాగున్నవాళ్ళ సరదానా?

మెట్టుగూడ మెట్రో:
హైటెక్ సిటీలో మా టీమ్‌కి ఒక సీనియర్ ఉన్నారు. ఏళ్ళుగా ఆయనవి అవే లేతరంగు కాటన్ చొక్కాలు, ముదురు ప్యాంట్లు. ‘సార్ స్టైలే వేరు’ అంటారు అందరూ. మా బ్లాక్ సెక్యూరిటీ అన్న డ్యూటీ దిగాక రోజూ అదే తెల్ల చొక్కాలో ఇంటికెళ్తాడు. ఆయన్ని చూసి ఎవరూ ఆ మాట అనరు. కొద్ది జతల బట్టలు చాలు, ఎప్పటికీ పాతబడని స్టైల్ అనే కబుర్లు హోదా ఉన్నవాళ్ళకే చెల్లుతాయని నా వాదన. యాపిల్ స్టీవ్ జాబ్స్ పేరు చెప్పకండి, ఎప్పుడూ ఆయన ఒంటి మీదుండే ఆ మెడ మూసే నల్ల టర్టిల్‌నెక్‌లు ఇస్సే మియాకే అంతటి డిజైనర్ చేయించి ఇచ్చినవి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

బండ్లగూడ బ్రో:
సీనియర్ గారి చొక్కాకి ఇస్త్రీ ఉంటుంది బ్రో. అంతే తేడా.

మెట్టుగూడ మెట్రో:
సెక్యూరిటీ అన్న చొక్కాకీ ఉంటుంది. మీరు చూసి ఉండరు.

పాత బీరువా:
మెట్టుగూడ బాబూ, హోదా లేనివాళ్ళ సాదాతనం ఎవరి కంటికీ ఆనదన్నావు, అక్కడిదాకా నీతోనే ఉన్నాను. దానికి జీతం బాగా ఉండాలంటే మాత్రం ఒప్పుకోను. నేను ఆబిడ్స్‌లో చిన్న గుమస్తా ఉద్యోగం చేశాను. మొదట్లో పండక్కి ఏది కొత్తగా వస్తే అది కొనేదాన్ని. నా స్టైల్‌ని నేను కూర్చుని ఎంచుకోలేదు, ఈ ఊరి ఎండ ఎంచింది. మే నెలలో దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కి నిలబడితే సింథటిక్ చీర ఒంటికి ఎలా అతుక్కుంటుందో మీ ఏసీ ఆఫీసుల వాళ్ళకి తెలీదు. అలా ఒక్కొక్కటీ పోగా చివరికి మిగిలినవి మంగళగిరి నేత, నారాయణపేట గళ్ళు, పెళ్ళిళ్ళకి గద్వాల.

గద్వాల చీర సంగతి కాస్త చెప్పాలి. ఒళ్ళంతా నూలు, అంచూ పమిటా పట్టు. రెండు రకాల దారాన్నీ మగ్గం మీదే కలుపుతారు, దాన్ని కుప్పడం అంటారు. ఫంక్షన్ హాల్లో నిండుగా కనిపిస్తుంది, ఉక్కపోతకి ప్రాణం తీయదు. మా అమ్మ చీరలో ముందు చిరిగింది నూలు భాగం. అంచు కత్తిరించి కొత్త గుడ్డకి వేయించాను, ఇప్పటికీ కడుతున్నాను. జాకెట్లు నలుపు, మెరూన్, ఆవపిండి రంగు, మూడే సాదావి. ఏ చీరకైనా వాటిలో ఏదో ఒకటి నప్పుతుంది. చీర చీరకీ మ్యాచింగ్ జాకెట్ కుట్టించుకునే వాళ్ళకే డబ్బు కావాలి.

నల్లకుంట నాని:
ఆంటీ, పోచంపల్లి అని చెప్పి ప్రింట్ అంటగడుతున్నారు. కనిపెట్టడం ఎలా?

పాత బీరువా:
తిరగేసి చూడు నాయనా. పోచంపల్లిది ఇక్కత్ నేత, అందులో దారానికి ముడులు వేసి ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింట్‌కి చాలావరకు వెనకవైపు వెలవెలపోతుంది.

కాజాల మాస్టారు:
సికింద్రాబాద్‌లో మాది చిన్న టైలరింగ్ షాపు. సాదా చొక్కాలో తప్పు దాచడానికి చోటుండదు. భుజం కుట్టు ఎముక మీద కూర్చోవాలి, ఒక్క వేలు జారినా అన్న చొక్కా తమ్ముడు వేసుకున్నట్టే. కాటన్ గుడ్డని నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టాలి. పక్క కుట్టులో మార్జిన్ వదిలితే ఒళ్ళు వచ్చినా చొక్కా పనికొస్తుంది. మా నాన్న రోజుల్లో కాలర్ అరిగితే పారేసేవాళ్ళు కాదు. కుట్టు విప్పి, లోపలివైపు పైకి వచ్చేలా తిప్పి మళ్ళీ కుట్టేవాళ్ళం. చొక్కాకి రెండో ఆయుష్షు. ఇప్పుడు అడిగేవాళ్ళే తక్కువ. మెట్టుగూడ తమ్ముడికి అనుకూలంగా కూడా ఒక మాట: గుడ్డ ఖరీదు, కుట్టుకూలి కలిపితే ఇవాళ రెడీమేడ్ చొక్కా కంటే ఎక్కువే అవుతుంది.

మెట్టుగూడ మెట్రో:
నేను చెప్పేదీ అదే మాస్టారూ. నెలాఖరున చేతిలో ఉన్నంతలో కోఠీ ఫుట్‌పాత్ మీద కొనుక్కునేవాడు, నాలుగు ఉతుకులకి కుట్లు ఊడితే మళ్ళీ అక్కడే కొంటాడు. మన్నికైనది కొనాలంటే ఒకేసారి డబ్బు తీయాలి కదా.

అత్తాపూర్ అక్క:
అందరూ చొక్కాల దగ్గరే ఆగిపోయారేం? మా ఆయన ఒకే క్రీమ్ కలర్ పట్టుచొక్కాతో ఇంటిల్లిపాది పెళ్ళిళ్ళూ లాగించేశారు, ‘హుందాగా ఉన్నావు బావా’ అనిపించుకున్నారు. నేను అదే చీర రెండో ఫంక్షన్‌కి కడితే ‘మొన్నటిదే కదా వదినా’ అని ముఖం మీదే అంటారు. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పడ్డాక తప్పించుకునే దారే లేదు. మా అమ్మాయి సంగీత్‌కి లెహంగా అద్దెకి తెచ్చుకుంటోంది. డబ్బు దండగని నేనన్నాను, బీరువాలో పడుండటం కంటే నయమని అది అంది. ఆడవాళ్ళకి సింపుల్‌గా ఉండే స్వేచ్ఛ ఉందా అన్నది ముందు తేల్చండి.

పాత బీరువా:
అమ్మా, నన్నూ అన్నారు. ‘అవును, నాకిష్టమైన చీర’ అనేదాన్ని. కొన్ని పెళ్ళిళ్ళు మొహమాటంగానే ఉంటుంది. తర్వాత నేను వేరేది కడితే ‘గద్వాల ఏదీ?’ అని వాళ్ళే అడగడం మొదలుపెట్టారు.

అత్తాపూర్ అక్క:
మీ అత్తగారో?

పాత బీరువా:
ఆవిడ నన్నేమీ అనలేదు. మా వియ్యంకుల ముందు మాత్రం ‘మా కోడలికి చీరలకి లోటు లేదు’ అని అడక్కుండానే చెప్పేవారు.

మెట్టుగూడ మెట్రో:
హహ. అయినా నా మాట మారలేదు, అక్క చెప్పినదాంతో ఇంకా గట్టిపడింది. మాస్టారూ, కాలర్ తిప్పడానికి ఎంత తీసుకుంటారు?

కాజాల మాస్టారు:
ముందు చొక్కా చూడాలి తమ్ముడూ. గుడ్డే పలచబడితే తిప్పినా దండగ. సంక్రాంతి అయ్యాక తీసుకురా, అప్పటిదాకా జాకెట్ల ఆర్డర్లతో ఊపిరాడదు.