లంబసింగి ఘాట్ దిగేటప్పుడు చేతులు కొంకర్లు పోకుండా ఏం చేస్తారు?

జనవరిలో మా వైజాగ్ సైక్లింగ్ క్లబ్బు వాళ్లం నర్సీపట్నం నుంచి లంబసింగికి గ్రూప్ రైడ్ పెట్టుకున్నాం. సుమారు 1,000 మీటర్ల ఎత్తు, తెల్లవారుజామున పొగమంచు, పైగా ఈదురుగాలి. సముద్రం ఒడ్డున పెరిగిన ఒళ్లు మావి, ఆ చలి అలవాటు లేదు.

ఎక్కడం గురించి బెంగ లేదు. కానీ ఎక్కేటప్పుడు చెమటకు జెర్సీ తడిసిపోతుంది, దిగేటప్పుడు ఆ తడి మీదే గాలి కొడుతుంది. అసలు టెన్షన్ అక్కడే. పోయినసారి మలుపుల్లో వేళ్లు కొంకర్లు పోయి, బ్రేక్ లివర్ ఎంత నొక్కుతున్నానో నాకే తెలియలేదు. నాది రిమ్ బ్రేకు, అంటే చక్రం అంచును (రిమ్‌ని) నొక్కి ఆపే రకం. మంచుకు రిమ్ తడిస్తే సైకిల్ ఆగడమూ ఆలస్యమే.

మందపాటి ఉన్ని గ్లవుజులతో గేర్లు మార్చడం కుదరట్లేదు. సన్నవి వేసుకుని, దిగేముందు పైన ఇంకో జత తొడగొచ్చా? జెర్సీ లోపల ఛాతీ మీద న్యూస్‌పేపర్ పెట్టుకోమని క్లబ్బులో ఒక పెద్దాయన అంటున్నారు, ఎవరైనా చేసి చూశారా? పక్కగాలి ఉన్నప్పుడు ఘాట్‌లో ముందువాళ్లకి ఎంత దూరం ఉంచుతారు? మైదానంలోలా చక్రం వెనకే చక్రం అంటే నాకు భయమే.

రెండు వేల లోపు విండ్ జాకెట్ వాడినవాళ్లుంటే చెప్పండి. మడిస్తే జెర్సీ జేబులో పట్టాలి.