పిల్లలంతా సాకర్ ఆడతారు, మరి పెద్దలెందుకు చూడరు?

ఫ్రిస్కో నాన్న:
శనివారం పొద్దున ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని మా ఊళ్లో ఏ పార్కుకెళ్లినా నాలుగైదు సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేది) మ్యాచ్‌లు. నారింజ తొనల డబ్బాలు, మడతకుర్చీల్లో అమ్మానాన్నలు, మోకాళ్ల దాకా సాక్సులేసుకున్న పిల్లలు. ఎఫ్‌సీ డల్లాస్ సాకర్ జట్టు స్టేడియం ఉన్నది కూడా మా ఫ్రిస్కోలోనే. అయినా సోమవారం ఆఫీసులో ఎవర్ని కదిపినా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ గోలే. కూతుర్ని వారం వారం ప్రాక్టీసుకి దింపొచ్చే మా మేనేజరే "తొంభై నిమిషాలు కూర్చుని సున్నా-సున్నా చూసి రావాలా?" అని నవ్వాడు. ఇక్కడి సాకర్ లీగ్ ఎమ్‌ఎల్‌ఎస్ మొదలైంది 1996లో. ఇన్నేళ్లయినా ఇక్కడి జనానికి ఎందుకు ఎక్కలేదంటారు?

టచ్‌డౌన్ తమ్ముడు:
మీ మేనేజర్ చెప్పిందే కారణం. గోల్స్ తక్కువ, డ్రాలు ఎక్కువ. 1994 వరల్డ్ కప్ ఇక్కడే పెట్టారు. ఫైనల్లో బ్రెజిల్, ఇటలీ 120 నిమిషాలు ఆడి ఒక్క గోలూ కొట్టలేదు. అది చూసినవాడు మళ్లీ టీవీ పెడతాడా?

గోల్‌పోస్ట్ పక్కన:
తమ్ముడూ, అదే వరల్డ్ కప్‌లో మ్యాచ్‌కి సగటున దాదాపు 69 వేల మంది వచ్చారు. 1999లో మహిళల వరల్డ్ కప్ ఫైనల్ కూడా, నువ్వు చెప్పిన ఫైనల్ జరిగిన రోజ్ బౌల్ స్టేడియంలోనే, అదీ సున్నా-సున్నాయే. పెనాల్టీల్లో చైనా మీద అమెరికా గెలుస్తుంటే 90 వేల మంది చూశారు. సున్నాకి భయపడి ఎవరూ పారిపోలేదు.

డ్రాలకి మందు కూడా వేసి చూశారు. ఎమ్‌ఎల్‌ఎస్ మొదటి సీజన్ల మాట ఇది. స్కోరు సమమైతే ఆటగాడు 35 గజాల నుంచి బంతితో పరుగెత్తుకొచ్చి 5 సెకన్లలో గోల్‌కీపర్‌ని దాటించాలి. ఆట తెలిసినవాళ్లకి చిరాకు, తెలియనివాళ్లు ఎటూ రాలేదు. 1999 సీజన్‌తో ఆ ముచ్చట తీరింది.

ఇక బోర్ సంగతి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ మూడు గంటల్లో నిజంగా ఆట నడిచేది సుమారు 11 నిమిషాలేనని వాల్ స్ట్రీట్ జర్నల్ 2010లో లెక్కేసి చెప్పింది.

టచ్‌డౌన్ తమ్ముడు:
ఆ ఖాళీలోనే కదన్నా మజా! తర్వాత ఏం ప్లే వేస్తారో వాదించుకోవాలి, ఈలోపు చికెన్ వింగ్స్ తెచ్చుకోవాలి. మనం క్రికెట్ చూసేది ఇలాగే కదా?

బ్రేక్ తర్వాత:
ఆ ఖాళీలోనే డబ్బు కూడా ఉందండీ. సాకర్‌లో 45 నిమిషాలు యాడ్ వేసే సందు దొరకదు. 1967లో సీబీఎస్ టీవీ ఒక కొత్త సాకర్ లీగ్‌ని చూపించినప్పుడు, యాడ్స్ కోసం కావాలనే ఫౌల్ విజిల్ వేశానని రిఫరీయే ఒప్పుకున్నాడు. 2026 వరల్డ్ కప్‌కి ప్రతి సగంలో 3 నిమిషాల నీళ్ల విరామం అని ఫిఫా ప్రకటించింది. అది దాహం కోసమేనని నమ్మేవాళ్లు చెయ్యెత్తండి.

ఇద్దరు పిల్లల తల్లి:
డబ్బు మాటొచ్చింది కాబట్టి. మా పెద్దమ్మాయి క్లబ్‌కి ఏడాదికి మూడు వేల డాలర్లు పైనే. హోటళ్లు, పెట్రోలు వేరే. ఒక వాయిదా వారం ఆలస్యమైందని పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టారు. బంతి ఒక్కటుంటే ఎవరైనా ఆడుకోగలిగే ఆట ఇక్కడ పియానో క్లాసైపోయింది. పదమూడో ఏట మానేసింది, ఇప్పుడు టీవీలో వస్తున్నా తల తిప్పదు.

గోల్‌పోస్ట్ పక్కన:
అమ్మా, మీ బాధ నిజం. కానీ ఫీజులు కట్టలేని ఇళ్లలో కూడా ఇక్కడ సాకర్ బాగా చూస్తారు. మెక్సికన్ కుటుంబాల్లో వాళ్ల దేశపు లీగ్ లీగా ఎమ్‌ఎక్స్ మ్యాచ్ ఉంటే రిమోట్ ఇంకెవరికీ దక్కదు. శనివారం పొద్దున్నే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కోసం లేచేవాళ్లు నా ఆఫీసులోనే ఉన్నారు. వాళ్లెవరూ ఎమ్‌ఎల్‌ఎస్ చూడరు, అంతే.

నా లెక్క ఇది. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, వాళ్ల ఫుట్‌బాల్, దేనికైనా ప్రపంచంలో నంబర్ వన్ లీగ్ అమెరికన్‌కి ఇంటి పక్కనే ఉంది. సాకర్ ఒక్కదానికే రెండో రకం సరుకు అమ్ముతున్నారు. జీతాలకి పరిమితి. చివరి స్థానంలో ఉన్నా కింది లీగ్‌కి పోతామన్న భయం లేదు. ఇంక సీజన్ చివర్లో టెన్షన్ ఎక్కడిది? ఆ లోటుని పెద్ద పేర్లతో పూడుస్తారు. 1975లో పెలేని అప్పటి లీగ్ ఎన్‌ఏఎస్‌ఎల్‌లోని న్యూయార్క్ కాస్మోస్ జట్టు తెచ్చింది, జనం విరగబడ్డారు. 1984 సీజన్ తర్వాత ఆ లీగే లేదు.

టచ్‌డౌన్ తమ్ముడు:
అంటే మెస్సీ కూడా అంతేనంటావా?

ఫ్రిస్కో నాన్న:
దీనికి నేను చెప్తా. 2023 ఆగస్టులో మెస్సీ మా ఫ్రిస్కోకే వచ్చాడు, డల్లాస్ మీద లీగ్స్ కప్ మ్యాచ్‌కి. 85వ నిమిషంలో ఫ్రీ కిక్‌తో 4-4 చేశాడు, పెనాల్టీల్లో అతని జట్టు మయామీ గెలిచింది. సొంతూరి జట్టు ఓడిపోయిందని మా వీధిలో ఒక్కరూ బాధపడలేదు, మా వాడితో సహా.

ఇందాక మేనేజర్‌కి ఫోన్ చేసి ఈసారి డల్లాస్ మ్యాచ్‌కి వస్తారా అనడిగాను. "మెస్సీ ఆడుతున్నాడా?" అన్నాడు. లేడన్నాను. "పార్కింగ్ ఎంత?" అన్నాడు.