ఇంట్లో ఎస్ప్రెసోకు ఏ గ్రైండర్ మేలు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ):
నమస్కారం. ఏడాదిగా అరకు గింజలను పాత చేతి గ్రైండర్‌లోనే 18 గ్రాముల చొప్పున పొడి పట్టి ఎస్ప్రెసో (ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ) తీస్తున్నాను. పొడి మెత్తదనం మార్చే చక్రాన్ని ఒక గీత బిగిస్తే చుక్క కూడా దిగదు. ఒక గీత వదిలితే 36 గ్రాముల కాఫీ అంతా 15 సెకన్లలోనే కారిపోయి నాలుక పులిసిపోతుంది. రోజుకు రెండు కప్పులు తాగే ఇంటికి కరెంటు గ్రైండర్ అవసరమా?

జవాబు (సీతమ్మధార):
అవసరం లేదండీ. మీ కష్టం గింజలది కాదు, గీతల మధ్య దూరానిది. కాఫీ దిగే సమయాన్ని 25 నుంచి 30 సెకన్ల మధ్య నిలపాలంటే గింజలు నలిపే పళ్లను అతి సూక్ష్మంగా కదిలించగలగాలి. వన్‌జెడ్‌ప్రెసో జే-అల్ట్రా అనే చేతి గ్రైండర్‌లో ఒక్కో మెట్టుకు కదలిక 8 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కాబట్టి, అదే ధరకు వచ్చే చాలా కరెంటు గ్రైండర్ల కంటే అది నాకు మెరుగనిపిస్తుంది. కాకపోతే తక్కువ వేపిన గింజలకు చేయి నొప్పి ఖాయం.

జవాబు (గాజువాక):
చుట్టాలు వచ్చిన రోజు వరుసగా ఆరు కప్పులు తిప్పి చూడండి, అప్పుడు చెప్పండి! నేను 64 మిల్లీమీటర్ల చదును పళ్ల డీఎఫ్64 కరెంటు గ్రైండర్‌కు మారాను. మన సముద్రపు తేమకు గింజలను పైతొట్టిలో వదిలేయకుండా ఏ పూటకు ఆ పూట తూచి వేస్తాను. పట్టేముందు ఒక్క నీటిచుక్క కలిపితే పొడి గోడలకు అంటుకోదు.

ప్రశ్న అడిగినవారు:
చుట్టాలు తక్కువే, చేతి గ్రైండరే తీసుకుంటాను.