హీలియం గుంటూరులోనే దొరికిందా? జాన్సెన్ ఉత్తరం ఏమంటోంది?

కొండవీటి: ఏటా ఆగస్టు 18 రాగానే "హీలియాన్ని కనుగొన్నది మన గుంటూరులోనే" అన్న సందేశం వాట్సాప్‌లో తిరుగుతుంది. 1868లో ఆ రోజు పట్టిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో మకాం వేసిన మాట వాస్తవమే. మా అమ్మాయిని బడిలో దీని మీద వ్యాసం రాయమన్నారు. ఆ సందేశంలోని మాట రాయవచ్చునా?

అరండల్‌పేట: నిస్సందేహంగా రాయించండి. జాన్సెన్, ఆంగ్లేయుడు నార్మన్ లాకియర్ ఇద్దరి ముఖాలతో ఫ్రాన్సు ప్రభుత్వం 1872లో పతకమే వేయించింది. దాని మీద ఉన్న తేదీ కూడా 1868 ఆగస్టు 18. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పాతటపా: అరండల్‌పేట గారూ, తేదీ చదివినవారు దాని పక్కనున్న మాటలు కూడా చదవాలి కదా. ఆ పతకం మీద ఉన్నది "సౌరజ్వాలల విశ్లేషణ" అని. హీలియం ఊసే అందులో లేదు.

సూర్యబింబం అంచున ఎగసే ఆ ఎర్రని జ్వాలలు అంతవరకు గ్రహణ సమయంలో తప్ప కనబడేవి కావు. గ్రహణం నాడు వాటి వర్ణపటంలోని (వెలుగును రంగులుగా విడదీస్తే కనబడే పట్టీలోని) గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉండడం గమనించిన జాన్సెన్, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని అప్పటికప్పుడు ఊహించి, మర్నాడు ఉదయమే గుంటూరులో చూసి, ఆ పనిని సెప్టెంబరు 4 వరకు కొనసాగించారు. గుంటూరు గర్వించదగినది ఇదీ, నా దృష్టిలో ఇది చిన్న విషయమేమీ కాదు. అయితే ఆయన ఈ సంగతిని పారిస్ అకాడమీకి రాసింది నెల గడిచాక, సెప్టెంబరు 19న, కాకినాడ నుంచి. అప్పటికి సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. లాకియర్‌కు ఇదే ఆలోచన రెండేళ్ల ముందే తట్టినా, పురమాయించిన వర్ణపటదర్శిని (వర్ణపటాన్ని చూపే పరికరం) చేతికందేసరికి అక్టోబరు 16 అయింది. 20వ తేదీ ఉదయం ఇంగ్లండులోనే జ్వాలల గీతలు చూసి వెంటనే ఉత్తరం రాశారు. ముప్ఫై ఏడు రోజుల కిందట కాకినాడలో రాసిన ఉత్తరమూ, ఆరు రోజుల కిందట ఇంగ్లండులో రాసిన కబురూ అక్టోబరు 26న పారిస్‌లో ఒకే సమావేశం ముందుకు వచ్చాయి. అందుకే పతకం మీద ఇద్దరి ముఖాలు.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఒక్కో మూలకానికి వర్ణపటంలో తనవైన గీతలుంటాయి. హీలియం ఆనవాలు, సోడియం గీతకు దగ్గరగా, కానీ దానితో కలవకుండా ఉన్న ఒక పసుపు గీత. దానిని పట్టించుకున్నది లాకియర్. జాన్సెన్ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు.

బందరు లడ్డు: మీ ఇద్దరి తగవులో మా ఊరిని మరిచారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసి, పసుపు గీత సోడియం గీత దగ్గరో, దాని పక్కనో ఉందని నమోదు చేశారు. లాకియర్ కంటే ఇది రెండు నెలలు ముందు.

పాతటపా: మీ మాట కాదనను. "పక్కనో" అన్న ఆ ఒక్క సందేహమే పోగ్సన్‌ను ఆనాటి మిగతా పరిశీలకుల నుంచి వేరు చేస్తుంది. ఆయన సందేహాన్ని రాశారు. అది కొత్త మూలకమని మాత్రం అనలేదు. పైగా ఆ రాత మద్రాసు నివేదికలో ఉండిపోయింది. దానినే ఒక ఉత్తరంగా లండన్‌కు పంపి ఉంటే ఈనాడు మనం బందరు గురించి వాదించుకునేవాళ్లమేమో.

అరండల్‌పేట: అలాగైతే లాకియర్ మాత్రం మూలకాన్ని చేత్తో పట్టుకున్నారా? 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే క్లీవైట్ అనే ఖనిజం నుంచి ఆ వాయువును రాబట్టేదాకా అది వట్టి గీతే కదా!

పాతటపా: సరిగ్గా అడిగారు. రామ్సే ఆ మార్చి 24న తన భార్యకు రాసిన ఇంటి ఉత్తరంలోనూ అన్నింటికన్నా ముందు చెప్పిన కబురు సోడియం గీతకు దగ్గరగా మెరిసిన ఆ పసుపు గీత గురించే. కాబట్టి నేనైతే గీతను పట్టించుకున్న ఘనత లాకియర్‌కు, వాయువును పట్టుకున్న ఘనత రామ్సేకు ఇస్తాను. గ్రహణంతో పనిలేకుండా జ్వాలలను మొదట చూసిన చోటు మాత్రం గుంటూరే. అందులో వాటా ఎవరికీ లేదు.

కొండవీటి: వ్యాసం శీర్షిక "గుంటూరు నుంచి పట్టపగలు కనిపించిన సౌరజ్వాలలు" అని మార్పించాను. కాకినాడ ఉత్తరం సంగతి విన్నాక, ఆ ముప్ఫై ఏడు రోజులు అది ఏ దారిన వెళ్లిందో పటం గీస్తానని అమ్మాయి కూర్చుంది.