ఎడ్యుకేషన్ లోన్ తీరేదాకా ఉద్యోగం మారకూడదా?

మారుపేర్లతో ఐదుగురి చర్చ ఇది. ఒక్కో భాగం పైన ఉన్నది మాట్లాడుతున్నవారి మారుపేరు.

లెక్కల పుస్తకం

"ముందు అప్పు తీర్చు, ఆ తర్వాత ఉద్యోగం మారు." చాలా ఇళ్లలో వినిపించే సలహా ఇది. దీని మీదే చర్చ. గాల్లో మాట్లాడుకోకుండా ఒక లెక్క ముందు పెట్టుకుందాం. ఎడ్యుకేషన్ లోన్ బాకీ, మారటోరియంలో (ఈఎంఐ కట్టక్కర్లేని కాలంలో) పేరుకున్న వడ్డీతో కలిపి 10 లక్షలు. వడ్డీ 10.5 శాతం ఫ్లోటింగ్ (మారుతుండే రేటు), గడువు పదేళ్లు. ఈఎంఐ 13,493 రూపాయలు. ఖర్చులన్నీ పోను నెలకు ఇంకో 10,000 మిగులుతోంది. ఉద్యోగానికి ఢోకా లేదు గానీ జీతం కదలడం లేదు. బయట ఎక్కువ ఇచ్చేవాళ్లున్నారు. ఆ 10,000 లోన్‌లో కట్టాలా, సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పెట్టుబడిలో) పెట్టాలా? ఉద్యోగం ఇప్పుడే మారాలా, అప్పు తీరాకా?

నా ఓటు అప్పు తీర్చడానికే. 10,000 కలిపి కడితే 120 నెలల లోన్ 54 నెలల్లో అయిపోతుంది. మొత్తం వడ్డీ 6.19 లక్షల నుంచి 2.56 లక్షలకు దిగుతుంది. మొదటి ఈఎంఐలో 8,750 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,743 మాత్రమే. ఇలాంటి సమయంలో కొత్త కంపెనీలో చేరి ప్రొబేషన్‌లోనే ఇంటికి పంపిస్తే ఎవరు కడతారు?

సిప్ సైన్యం

3.6 లక్షల వడ్డీ ఆదా చేయడానికి ఏం వదులుకుంటున్నారో కూడా చెప్పండి. నెలకు 10,000 చొప్పున పదేళ్లు సిప్ చేస్తే, 12 శాతం రాబడి మీద 23 లక్షలు. పైగా ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపన్ను చట్టం సెక్షన్ 80ఈ కింద పన్ను మినహాయింపు ఉంది. దానికి గరిష్ఠ పరిమితి కూడా లేదు. అలాంటి అప్పును తొందరపడి తీర్చడం దేనికి?

పేస్లిప్

ఇద్దరూ సగం సగం లెక్కలే చెప్తున్నారు. 3.6 లక్షలనీ 23 లక్షలనీ పక్కపక్కన పెట్టి చూడకూడదు. 54 నెలల్లో అప్పు తీర్చినవాడి చేతిలో 55వ నెల నుంచి 23,493 ఖాళీగా ఉంటుంది. దాన్ని మిగతా 66 నెలలు అదే 12 శాతానికి సిప్‌లో పెడితే పదేళ్ల చివరికి సుమారు 22 లక్షలు. అంటే అసలు తేడా లక్ష రూపాయలు. ఈక్విటీలో దీర్ఘకాలిక లాభం మీద, ఏడాదికి 1.25 లక్షలు దాటిన దానికి 12.5 శాతం పన్ను ఉంది. సిప్ దారిలో లాభం ఎక్కువ కాబట్టి పన్నూ ఎక్కువే. ఇద్దరూ చివర్లో ఒకేసారి అమ్మితే పన్ను పోను తేడా 40 వేల లోపే. అదీ 12 శాతం వస్తేనే. 10 శాతమే వస్తే, పన్ను లెక్క వేయకముందే ముందు తీర్చినవాడు పాతిక ముప్పై వేలు పైన ఉంటాడు. పదేళ్ల మీద ఈ తేడా కోసం ఇంత యుద్ధం అక్కర్లేదు.

80ఈ సంగతి వేరు. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్ల వరకే, అసలుకు వర్తించదు. 2023-24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే పడుతుంది. 2025-26 నుంచి అందులో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12.75 లక్షలు. 9 లక్షల జీతంవాడు 80ఈ కోసం పాత విధానానికి వెళ్తే లేని పన్నును కొనితెచ్చుకున్నట్టే. ఇతరత్రా మినహాయింపులు గట్టిగా ఉండి, పాత విధానమే లాభమై, 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు మాత్రం 10.5 శాతం అప్పు నికరంగా 7.2 శాతానికి దిగుతుంది. వాళ్లు మెల్లగా తీర్చుకోవచ్చు.

నోటీస్ పీరియడ్

పేస్లిప్ గారి లెక్కతో సిప్పా లోనా అన్న గొడవ తీరిపోయినట్టే. కానీ ఉద్యోగం మారేవాడిని ముంచేది వడ్డీ రేటు కాదు, రెండు జీతాల మధ్య ఖాళీ. తేదీలతో చూడండి.

జులై 31న జీతం పడింది. ఆగస్టు 5న ఈఎంఐ పోయింది. ఆగస్టు 24 ఆఖరి పనిదినం. ఆగస్టు జీతాన్ని పాత కంపెనీ ఆపి, ఫుల్ అండ్ ఫైనల్‌లో (మానేశాక చేసే ఆఖరి చెల్లింపులో) కలిపి ఇస్తానంటుంది. అది నెలా నెలన్నర పట్టడం మామూలే. 27న కొత్త చోట చేరారు. అప్పటికి అక్కడ ఆ నెల పేరోల్ కటాఫ్ (జీతాల లెక్క మూసే తేదీ) దాటిపోయింది. కాబట్టి మొదటి జీతం సెప్టెంబర్ 30న. మధ్యలో సెప్టెంబర్ 5 ఈఎంఐ, ఆ నెల అద్దె, ఇంటి ఖర్చు అన్నీ చేతి డబ్బుతోనే నడవాలి. రాజీనామా ఇచ్చిన నెల నుంచే జీతం ఆపే కంపెనీ అయితే రెండు ఈఎంఐలు.

10,000 మొత్తం ప్రతినెలా లోన్‌లో పోసేసినవాడికి ఇక్కడే ఊపిరాడదు. అప్పటికి మూడు లక్షలు ఎక్కువ కట్టి ఉన్నా సరే, సెప్టెంబర్ 5న బ్యాంకు 13,493 అడుగుతుంది. పోసిన డబ్బు వెనక్కి రాదు. అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు, మినిమమ్ డ్యూ కడతారు, మిగతా దాని మీద నెలకు మూడున్నర శాతం చుట్టూ పడుతుంది. 10.5 శాతం అప్పు తగ్గించడానికి వెళ్లి ఏడాదికి 40 శాతం అప్పులోకి దిగడమన్నమాట.

అందుకని ముందు రొక్కం. ఇంటి ఖర్చూ ఈఎంఐ కలిపి కనీసం నాలుగు నెలలది పోగయ్యాకే ఏదైనా. 1.5 లక్షలు ఎఫ్‌డీలో ఉంచితే లోన్ వడ్డీతో పోలిస్తే ఏడాదికి ఆరు వేలు నష్టం, నెలకు 500. ఉద్యోగం మారే స్వేచ్ఛకు కట్టే ప్రీమియం అది.

లెక్కల పుస్తకం

రొక్కం ఉండాలంటే ఒప్పుకుంటా. కానీ ఇది నా మాటకే బలం కదా? ఇంత గండం ఉన్నప్పుడు మారడమెందుకు, ఉన్నచోటే ఉండి తీర్చేస్తే పోలేదా?

పేస్లిప్

పోదు. మారితే చేతికొచ్చే జీతం నెలకు 12,000 పెరిగిందనుకోండి, అదీ 10,000తో పాటు లోన్‌లో వేస్తే 54 నెలల లోన్ 33 నెలల్లో తీరుతుంది. ఇంత వేగం వడ్డీ బేరాల్లో రాదు. ఒక్క షరతు: పెరిగేది చేతికొచ్చే జీతం కావాలి, సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) కాదు. ఆఫర్ లెటర్‌లో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం), కంపెనీ వాటా పీఎఫ్, మీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం, పన్ను తీసేసి, మిగిలినదాన్ని 12తో భాగించి చూడండి. 30 శాతం హైక్ అన్నది చాలాసార్లు అక్కడే కరిగిపోతుంది.

కౌంటర్ నంబర్ 3

బ్యాంకు వైపు నుంచి కొన్ని మాటలు. ఇక్కడ ఎవరూ అడగలేదు గానీ గొడవలన్నీ వచ్చేది వీటి దగ్గరే.

ఒకటి, అదనంగా కట్టేటప్పుడు "పార్ట్ పేమెంట్, అసలులో జమ" అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఊరికే లోన్ ఖాతాకు డబ్బు పంపితే చాలాచోట్ల అది వచ్చే నెలల ఈఎంఐలకు అడ్వాన్స్‌గా కూర్చుంటుంది. కట్టాక కొత్త రీపేమెంట్ షెడ్యూల్ తీసుకుని, బాకీ అసలు ఆ మేరకు తగ్గిందో లేదో చూడండి. వ్యక్తులకు ఇచ్చిన ఫ్లోటింగ్ లోన్లు ముందే తీర్చినందుకు చార్జీ వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటు అయితే అగ్రిమెంట్ చదవాలి.

రెండు, అసలు తగ్గాక గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా అన్నది అడగండి. అడగకపోతే సాధారణంగా గడువే తగ్గుతుంది. మీ లెక్కలోనే చూడండి. రెండేళ్లు మామూలుగా కడితే బాకీ 8.74 లక్షలు. అప్పుడు నెలకు 10,000 చొప్పున దాచిన 2.4 లక్షలు ఒకేసారి కడితే, ఈఎంఐ అలాగే ఉంచితే మిగిలిన 96 నెలలు 61కి వస్తాయి. గడువు అలాగే ఉంచితే ఈఎంఐ 13,493 నుంచి సుమారు 9,790కి దిగుతుంది. ఉద్యోగం మారాలనో, కొన్నాళ్లు తక్కువ జీతానికి కొత్త పని నేర్చుకోవాలనో ఉన్నవాళ్లకు రెండోదే మేలు. తగ్గిన ఈఎంఐ పెట్టుకుని, వీలైన నెలల్లో పాత మొత్తమే కడితే వడ్డీ ఆదా కూడా పోదు. ఈఎంఐ మారాక నాచ్ మాండేట్‌లో (ఖాతా నుంచి ఈఎంఐ దానంతటదే కట్ అయ్యేందుకు ఇచ్చిన అనుమతిలో) మొత్తం మారిందో లేదో చూసుకోండి.

మూడు, రేటు. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చిన ఫ్లోటింగ్ రిటైల్ లోన్లు రెపో (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రేటు) లాంటి బయటి బెంచ్‌మార్క్‌కే ముడిపడాలి, కనీసం మూడు నెలలకోసారి రీసెట్ కావాలి. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపే రెపో 6.50 నుంచి 5.50కి దిగింది. మీ స్టేట్‌మెంట్‌లో ఆ తగ్గుదల కనపడకపోతే అది పాత బెంచ్‌మార్క్ మీద ఉన్న లోన్ అయినా కావాలి, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) సొంత రేటు అయినా కావాలి. పార్ట్ పేమెంట్ కంటే ముందు ఆ పని చూడండి. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌తో (లోన్‌ను ఇంకో బ్యాంకుకు మార్చుకుని) ఒక శాతం తగ్గినా ఈ బాకీ మీద మొదటి ఏడాదే దాదాపు పది వేలు.

నోటీస్ పీరియడ్

నాచ్ మాట వచ్చింది కాబట్టి. మాండేట్ ఉండేది పాత శాలరీ అకౌంట్ మీద. కొత్త కంపెనీ ఇంకో బ్యాంకులో అకౌంట్ తెరిపిస్తుంది. పాతదానిలో కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ అవుతుంది, కొన్ని బ్యాంకుల్లో మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ మొదలవుతుంది. ఈఎంఐకి సరిగ్గా 13,493 వేసి ఊరుకున్నవాడికి ఆ చార్జీ కోసుకుపోయి, 50 రూపాయల తక్కువతో మొత్తం బౌన్స్ అవుతుంది. రెండు వైపులా బౌన్స్ చార్జీ, సిబిల్‌లో (క్రెడిట్ రిపోర్టులో) లేటు గుర్తు. పైగా ఎడ్యుకేషన్ లోన్‌లో కో-అప్లికెంట్‌గా నాన్నో అమ్మో ఉంటారు. ఆ గుర్తు వాళ్ల రిపోర్టులోనూ పడుతుంది. కొత్త మాండేట్ మీద మొదటి ఈఎంఐ కట్ అయ్యేదాకా పాత అకౌంట్‌లో రెండు మూడు ఈఎంఐలు ఉంచండి, దాన్ని మూసేయకండి.

బ్యాంకు ఉద్యోగాలకు చదువుకునేవాళ్లు మరీ జాగ్రత్త. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే సంస్థ) నోటిఫికేషన్లలో చేరేనాటికి క్రెడిట్ చరిత్ర బాగుండాలన్న షరతు ఉంటోంది.

సిప్ సైన్యం

ఉద్యోగం పోయి నిజంగా కట్టలేకపోతే?

కౌంటర్ నంబర్ 3

బౌన్స్ కాకముందే బ్రాంచికి వెళ్లాలి, అంతే. ఐబీఏ (బ్యాంకుల సంఘం) నమూనా ఎడ్యుకేషన్ లోన్ పథకంలో ఉద్యోగం లేని కాలానికి మారటోరియం ఇచ్చే వీలుంది, కానీ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు చేతిలోనే. రిలీవింగ్ లెటర్ జతచేసి దరఖాస్తు ఇచ్చి, దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి. బాకీ 90 రోజులు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక వస్తే మాట్లాడటానికి మా దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. "సెటిల్‌మెంట్ చేసుకుందాం" అని, అంటే కొంత కట్టి బాకీ ముగించుకుందామని, ఎవరైనా ఫోన్ చేస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. సిబిల్‌లో "సెటిల్డ్" అని పడితే అది "క్లోజ్డ్" కింద లెక్క కాదు.

లెక్కల పుస్తకం

ఇన్నేళ్లు పనిచేస్తానని, లేకపోతే డబ్బు కడతానని కంపెనీకి బాండ్ రాసినవాళ్ల విషయంలో మాత్రం ఆగమనే అంటాను. బాండ్లు కోర్టులో చెల్లవని ఇంకా చాలామంది రాస్తున్నారు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ల లోపు వెళ్లిపోతే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. నెలకు 12,000 ఎక్కువ వస్తుందని మారితే ఆ 2 లక్షలు పూడటానికే 17 నెలలు. బాండ్ ఇంకో ఆరు నెలలే ఉంటే ఆగడం మంచిది కదా?

పేస్లిప్

ఆరు నెలలైతే ఆగొచ్చు. రెండేళ్లు ఉంటే ఆ 2 లక్షలు కొత్త కంపెనీతో బేరమాడాలి. అయితే ఒక మెలిక. వాళ్లు జాయినింగ్ బోనస్‌గా ఇచ్చినా, నోటీస్ బైఅవుట్‌గా (నోటీసు కాలానికి బదులు పాత కంపెనీకి కట్టే డబ్బుగా) ఇచ్చినా అది జీతం కింద పన్ను కట్ అయ్యే వస్తుంది. ఏడాది లోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న క్లాజు దాదాపు ప్రతి ఆఫర్‌లో ఉంటుంది. 2 లక్షలకు చేతికి 1.4 లక్షలు వచ్చి, తిరిగి కట్టేటప్పుడు పూర్తి 2 లక్షలు అడిగే క్లాజులున్నాయి. సంతకానికి ముందే "వెనక్కి కట్టాల్సింది పన్ను పోగా చేతికొచ్చిన మొత్తమేనా" అని హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన జవాబు లెక్కలోకి రాదు.

ఇంకోటి, మారేటప్పుడు పీఎఫ్ విత్‌డ్రా చేసి లోన్‌లో వేద్దామనుకునేవాళ్లకు: వద్దు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) ఒకటే కాబట్టి ట్రాన్స్‌ఫర్ పెట్టండి, పాత సర్వీసు కలిసొస్తుంది. 2024-25కు ఈపీఎఫ్ ఇచ్చింది 8.25 శాతం.

నోటీస్ పీరియడ్

కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. అమ్మానాన్నలు అందులోనే ఉంటే, రాజీనామా మెయిల్ కంటే ముందు వాళ్లకు విడిగా పాలసీ తీసుకోండి. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. లెక్కల పుస్తకం గారు మొదట్లో చెప్పిన ఆ నెలకు 10,000 మిగులులో ఈ ప్రీమియం ఉందో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే మిగులు 10,000 కాదు.